పేజీ కింద గుండ్రటి ముద్ర

వంకలు పెట్టడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. పెళ్ళి భోజనానికి పోయినా పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పందిరి గుంజ దాకా ఏదో ఒకటి నా నోటికి దొరుకుతుంది. మా నాన్న చెంచురామయ్య సత్తుపల్లి దగ్గర మామిడి తోట చేస్తాడు. "నీకు జీతమిచ్చి మరీ వంకలు పెట్టించుకునే మారాజు ఎక్కడున్నాడో సుజనా" అనేవాడు. ఆ మారాజు ఖమ్మంలో ఒక మందుల షాపు పై అంతస్తులో మూడు కంప్యూటర్లు పెట్టుకుని వెబ్‌సైట్లు తయారుచేస్తున్నాడు. ఆయన పేరు ప్రభాకర్.

డిగ్రీ అయ్యాక, రెండు వేల తొమ్మిది ఫిబ్రవరిలో ఆయన దగ్గర చేరాను. మొదటి రోజే ఒక మంచి పేజీ చేసి చూపించి ఆయన నోరు మూయించాలని వెళ్ళాను. ఆయన నా చేతిలో ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టాడు.

"రోజుకో వెబ్‌సైట్ తెరువు. పది తప్పులు రాయి. మూడు నెల్లు చూసుడే, చేసుడు లేదు."

నాకు ఒళ్ళు మండింది. కానీ రాయమన్నది తప్పులు కాబట్టి ఊరుకున్నాను.

మొదట దొరికింది ఒక ప్రైవేటు ఆసుపత్రి సైటు. పసుపు మీద ఎర్ర అక్షరాలు, అటు నుంచి ఇటు పరుగెత్తే వార్తలు, మూలన రెక్కలాడించే నెమలి. ఆసుపత్రికీ నెమలికీ ఏం సంబంధమో దేవుడికే తెలియాలి. "రంగులు బాగాలేవు, పరుగెత్తే అక్షరాలు చిరాకు, నెమలి దండగ" అంటూ పది నిమిషాల్లో పదీ రాసి పడేశాను. సాయంత్రానికి నోటుబుక్కు తిరిగొచ్చింది. ప్రతి తప్పు పక్కనా ఎర్ర సిరాతో ఒకటే మాట: ఎవరికి ఇబ్బంది?

"నాకే సార్" అన్నాను.

"నీకేమన్న రోగమొచ్చిందా? నువ్వెందుకు తెరుస్తవ్ దవాఖానా సైటు? తెరిచేటోడు ఎవడో వాని పక్కన కూసొని చూడు. అప్పుడు రాయి."

విసుక్కుంటూనే మళ్ళీ తెరిచాను. భార్యకు నొప్పులొస్తుంటే ఫోన్ నంబరు కోసం నెట్ సెంటర్‌కి పరుగెత్తుకొచ్చిన మనిషిని ఊహించుకున్నాను. పాట మొదలైంది. తెర మీద రెండు పెద్ద తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. డాక్టరు గారి ఫొటో గిరగిరా తిరిగింది. ఫోన్ నంబరు నాలుగో పేజీలో అట్టడుగున ఉంది. "ఆపదలో ఉన్నవాడికి నాలుగు నిమిషాల పాటు తలుపులు చూపించారు" అని రాశాను. దాని పక్కన మాత్రం సార్ రైటు కొట్టాడు. ఆ ఒక్క రైటు మార్కుకి నాకు ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరమైంది.

అలా మొదలైంది. ఒక రైతు సంఘం సైటు తెరిస్తే అక్షరాలకు బదులు అన్నీ పిచ్చి గీతలు. ఎలాగో తంటాలు పడి వాళ్ళ ఫాంట్ వెతికి వేసుకున్నాక మొదటి వాక్యం చదవగలిగాను: "ఈ పేజీ చదవడానికి మా ఫాంట్ వేసుకోండి." ఆ మాట కూడా ఆ ఫాంట్‌లోనే రాశారు మహానుభావులు. ఇలాంటివి మూడు నెలల్లో డెబ్బై నాలుగు సైట్లు నా చేతిలో పడ్డాయి. ఇక నాకు తెలియని తప్పు లేదనుకున్నాను.

మే నెలలో లాలక్క మా ఆఫీసుకు వచ్చింది. ఆవిడది ఇల్లందు దగ్గర తండా. పోడు రైతుల కాగితాలు నడిపే ఒక చిన్న సంస్థలో పనిచేస్తుంది. అడవి అంచున తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పోడు భూములకు పట్టాలిచ్చే చట్టం వచ్చింది గానీ, ఎవరి దరఖాస్తు ఏ ఆఫీసులో ఉందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారాలి. తమ చేతుల మీదుగా వెళ్ళిన నాలుగు వందల దరఖాస్తుల సంగతి ఒక వెబ్‌సైట్‌లో పెడితే, ములకలపల్లిలో సంస్థ గదిలో ఉన్న కంప్యూటర్లో ఎవరిది వాళ్ళు చూసుకుంటారని లాలక్క ఆలోచన. సార్ ఆ పని నాకిచ్చాడు.

ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. పాట లేదు, నెమలి లేదు, పరుగులు లేవు. ఏ ఫాంట్ వేసుకోకుండానే తెలుగు కనపడుతుంది. పైన మనిషి పేరు పెద్ద అక్షరాల్లో, మధ్యలో పొందిగ్గా నాలుగు గడుల పట్టిక. అట్టడుగున సంస్థ గుర్తు. ఆ గుర్తు మీద రెండు రోజులు కూర్చున్నాను. చుట్టూ గుండ్రంగా సంస్థ పేరు, నడుమ ఒక మోదుగాకు, ఊదా రంగు, కొంచెం పక్కకు వాల్చి, అక్కడక్కడా రంగు చెదిరినట్టు. ఎవరో ఇప్పుడే చేత్తో అద్దినట్టుందని నాకు నేనే మురిసిపోయాను.

జూన్ పదో తారీకు, బుధవారం నాడు ములకలపల్లిలో దాన్ని మొదలుపెట్టారు. వరండా నిండా జనం. లాలక్క బయట వరుస సర్దుతోంది, నేను కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. మొదట వచ్చినవాడు పగిడయ్య, యాభై దాటిన కోయ రైతు. అడవి లోపలికి నాలుగు కిలోమీటర్ల దూరంలో వాళ్ళ గూడెం, వాళ్ళ మాటలో గుంపు, అక్కడే మూడెకరాల పోడు. వెనకాల ఆయన భార్య ఎర్రమ్మ నిలబడింది. ఆయన రెండో తరగతి దాకా చదివాడట, అక్షరాలు కూడబలుక్కుంటాడు. నేను దరఖాస్తు నంబరు కొట్టాను. తెర మీద తన పేరు చూసి పగిడయ్య దాని మీద వేలు పెట్టాడు. ఆ వేలు అట్నుంచి నేరుగా కిందికి జారి, చివర ఆగింది. భార్య వైపు తిరిగి కోయలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

"సల్లగుండు బిడ్డా" అని నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా పేజీ అంత బాగుందన్నమాట. తిరుగు బస్సులో కండక్టరుకు కూడా చెప్పాలనిపించింది, సిగ్గేసి ఊరుకున్నాను.

శనివారం పొద్దున సార్ నోటుబుక్కు నా ముందు పడేసి, "నీ పేజీకి పది రాయి" అన్నాడు.

"నా దానికా?"

"నీదానికే. ఏం, నీది మాత్రం పైనుంచి ఊడిపడ్డదా?"

కోపంతో గంటసేపు ఆ పేజీని చూశాను. నిజం చెబుతున్నాను, ఒక్క తప్పు కూడా కనపడలేదు. "తప్పులు లేవు" అని రాసి ఇచ్చాను. ఆయన చదివి, దాని కింద మళ్ళీ అదే మాట రాశాడు: ఎవరికి?

సరే, ఎవరి పక్కనైనా కూర్చుందామనుకుంటే నాకు తెలిసినవాడు పగిడయ్య ఒక్కడే. ఆయన నంబరు కొట్టాను. అప్పటిదాకా ఆ గడుల్లో అక్షరాలు సరిగ్గా సర్దుకున్నాయా లేదా అనే చూశాను గానీ, అక్కడ ఏం రాసుందో చదవనేలేదు. ఆఫీసు కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు మూడో గడిలోకి ఎక్కించాను. బూడిద రంగులో చిన్న అక్షరాలు: "పునఃపరిశీలన నిమిత్తం వాపసు. గ్రామ వృద్ధుని వాంగ్మూలం 15-06-2009 లోపు సమర్పించవలెను."

దరఖాస్తు వాపసు వచ్చింది. సోమవారంతో గడువు అయిపోతుంది. మరి బుధవారం నాడు ఆ మనిషి ఎందుకు నవ్వాడు?

ఆయన వేలు కిందికి జారడం గుర్తొచ్చింది. అది ఎక్కడ ఆగిందో చూశాను. ఊదా రంగు, గుండ్రటి ముద్ర.

భద్రాచలంలో ఉన్న లాలక్కకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"మా దిక్కు కాయితం కిందికెల్లి చదువుతరు సుజనా" అంది. "ఫారెస్టు గార్డు తెచ్చినా, రెవెన్యూ ఆయన తెచ్చినా మొదలు చూసేది ముద్రనే. ముద్రుంటే పనైనట్టు, లేకుంటే ఉత్త కాయితం. పట్టా వచ్చిందనుకున్నడు ఆయన."

"ఇప్పుడెలా అక్కా?"

"సోమారం ఆళ్ళ గ్రామసభ ఉంది. ఆళ్ళల్ల పెద్దోడు పోతయ్య తాతతోని, ఆ భూమి ఎన్కట్నుంచి ఆళ్ళే దున్నుతున్నరని వాంగ్మూలం చెప్పించి రాసి, సాయంత్రం లోపల ఆఫీసుల ఇయ్యాలె. తప్పితే మళ్ళ మొదటికొస్తది, ఎన్నేండ్లు పడ్తదో తెల్వదు. నా దగ్గర ఇక్కడ ఇరవై మంది కాయితాలున్నయ్, సోమారం పొద్దుగాల గాని రాలేను. ఆ గుంపుల సిగ్నల్ రాదు. నువ్వే పో."

"పోయి ఏం చెప్పను?"

"చేసింది నువ్వే గదా. ఏం చేసినవో చెప్పు. మిగిలినోళ్ళకు ఇంత తొందర లేదు, ఆళ్ళకు నేను చెప్త."

ముద్రను పేజీలోంచి తీసేసి బస్టాండుకు పరుగెత్తాను. దారిలో ఎన్ని సాకులు తయారు చేసుకున్నానో. మూడో గడిలో రాసే ఉంది కదా, చదువుకోవాల్సింది ఆయనే కదా, అది పట్టా ముద్ర అని నేనేమైనా చెప్పానా. కొత్తగూడెం చేరేసరికి ఆ వాదనలో నేనే గెలిచాను. ములకలపల్లిలో దిగేసరికి ఓడిపోయాను. అక్కడి నుంచి ఆటో పోయినంత దూరం పోయి, మిగిలింది నడిచాను.

ఎర్రమ్మ నన్ను చూసి మంచం వాల్చి నీళ్ళిచ్చింది. పగిడయ్య చెలకలో, అదే ఆ పోడు చేనులో ఉన్నాడట. గురువారం నాడు చెలక గట్టు మీద భూమి పండుగ చేశామని, విత్తనాల దగ్గర కోడిని కోసి గుంపంతటికీ అన్నం పెట్టామని మురిపెంగా చెప్పింది.

"ప్రతి ఏడు గార్డు వస్తడేమోనని బుగులు బుగులుగ ఇత్తుతుంటిమి. ఈయేడు మా భూమిల మేం ఇత్తుతున్నం బిడ్డా."

నీళ్ళ చెంబు కింద పెట్టేశాను.

పగిడయ్య వచ్చాక చెప్పాను. "బాబాయ్, మీకు పట్టా రాలేదు. దరఖాస్తు వాపసు వచ్చింది. కింద కనపడిన ముద్ర ప్రభుత్వానిది కాదు. నేను అందం కోసం వేశాను."

"అందానికి ముద్ర ఏస్తరా?" అని అడిగాడాయన.

కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగాడు. తిట్టినా బాగుండేది. ఆ మంచం మీదే కూర్చుని ఏడ్చాను.

ఎర్రమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పండుగ చేసిన మనిషి మొహం అలా అయిపోవడం చూడలేక తల దించుకున్నాను. కాసేపటికి ఆవిడే అడిగింది.

"ఏడ్చింది సాలు గని, ఇప్పుడేం జెయ్యాలె? అది చెప్పు."

పోతయ్య తాత వాంగ్మూలం కావాలన్నాను. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోతయ్యకు ఎనభై ఏళ్ళు. సాక్ష్యం చెప్పడానికే ఇన్నాళ్ళూ ఊళ్ళో ఉన్నాడు. పట్టా వచ్చేసింది, ఇక నీ పని లేదు తాతా అని గురువారం పండుగ భోజనం కాగానే వీళ్ళే ఆయన్ని వాగు అవతల కూతురింటికి పంపించారు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. ముందురోజు వానకు వాగు మోకాటి లోతు పారుతోంది. ఎర్రమ్మ నా చెప్పులు తన చేతిలో పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను దాటించింది. పోతయ్య మా మాట వినగానే మొండికేశాడు.

"ఒకనాడు పొమ్మంటిరి, ఒకనాడు రమ్మంటిరి. ముందుగాల సంగతేందో మొత్తం చెప్పుర్రి."

మొత్తం చెప్పాను. ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"కాయితం చూసి మోసపోయినోళ్ళను మస్తుమందిని చూసిన. టీవీ చూసి మోసపోయినోడివి నువ్వే పగిడయ్యా" అని కర్ర అందుకున్నాడు. కంప్యూటర్‌ను టీవీ అన్నందుకు మామూలుగా అయితే వంక పెట్టేదాన్ని. ఆ రోజు ఆయన ఏమన్నా నాకు తియ్యగానే ఉంది.

సోమవారం బడి వరండాలో గ్రామసభ కూర్చుంది. లాలక్క పది గంటలకు వచ్చింది. పోతయ్య చెబుతుంటే నేను రాశాను. పగిడయ్య పుట్టిన ఏడు వాళ్ళ అయ్య ఆ చెలకలో జొన్న వేశాడని, అడవి పందులు పడకుండా తాను మంచె మీద కాపలా ఉన్నానని, ఆ మంచె గుంజలు నాటిన చోటు ఇప్పుడు కూడా చూపిస్తానని చెప్పి వేలిముద్ర వేశాడు. సభలో వాళ్ళందరూ సంతకాలు చేశారు. సాయంత్రం నాలుగింటికి ఆ కాగితాలు ఆఫీసులో ఇచ్చాం. గుమాస్తా తీసుకుని, అందినట్టు రసీదు రాసి, దాని కింద టపీమని ముద్ర కొట్టాడు.

పగిడయ్య రసీదు పట్టుకుని నా వైపు తిరిగాడు. "ఇది అసలుదేనా?"

లాలక్క పడీ పడీ నవ్వింది. మూడు రోజుల్లో నేను కూడా మొదటిసారి నవ్వాను.

మర్నాడు సార్‌కి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. "ఇంకో నాలుగు దినాలు ఆన్నే ఉండు. మళ్ళ చేసుకొని రా" అన్నాడంతే. ములకలపల్లిలో తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్నులు కొనుక్కుని గుంపుకు తిరిగి వెళ్ళాను. కొత్త పేజీ బొమ్మ గీసి ఎర్రమ్మ మంచం మీద పరిచి, వచ్చిన వాళ్ళందరినీ వంకలు పెట్టమన్నాను. మొదట మొహమాటపడ్డారు. ఎర్రమ్మ మొదలుపెట్టాక ఇక ఎవరూ ఆగలేదు.

"పేరు గంత పెద్దగ ఎందుకు రాసినవ్? మా పేరు మాకు తెల్వదా? మేం జేసే పనేందో అది పెద్దగ రాయి."

"వాపసంటే ఎవలికి వాపసు? సక్కగ చెప్పరాదు?" అన్నాడు పోతయ్య.

"తారీకు ఏస్తే నాకు గుర్తుండదు బిడ్డా" అన్నాడు పగిడయ్య. "ఇంకెన్ని సంతలున్నయో రాయి. వారం వారం పోయే సంతయితే మరిసిపోం."

వెబ్‌సైట్ అనే మాట ఆ వారమే విన్నవాళ్ళు, నేను మూడు నెలలు కష్టపడి నేర్చుకున్నదాన్ని మూడు గంటల్లో తిరగేసి కడిగేశారు. నాకు రోషం వచ్చిన మాట వాస్తవం. అందమైన నా పట్టిక పోతుంటే రెండు సార్లు వాదించాను కూడా. రెండు సార్లూ ఎర్రమ్మే గెలిచింది. ఏడు కాగితాలు చింపాక ఎనిమిదో దాని మీద ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పేజీలో మొదటి వరుసలో అందరికీ కనపడేలా ఒకే మాట ఉంటుంది: పట్టా వచ్చింది, లేదా ఇంకా రాలేదు. దాని కింద కాగితం ఎక్కడుంది. ఆ తర్వాత మీరు చేయాల్సిన పని, ఇంకా ఎన్ని సంతలు గడువుంది. వాళ్ళు కింది నుంచి చదువుతారు కాబట్టి మొదటి వరుసలోని మాటే అట్టడుగున కూడా రాశాను. దాన్ని చూసి సార్ తలూపి, మళ్ళీ నోటుబుక్కు ఇవ్వలేదు.

ఆగస్టులో కొత్త వివరాలు ఎక్కించడానికి ములకలపల్లి వెళ్ళాను. అది సంత రోజు. నేను లాలక్కతో మాట్లాడుతుండగా పగిడయ్య, ఎర్రమ్మ వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని, ఒంటి వేలితో నంబరు తానే కొట్టాడు. నేను వెనక నిలబడ్డాను. ఏం రాసుందో నాకు తెలుసు, చెప్పేయాలని నాలుక దురద పెడుతోంది. పళ్ళు బిగపట్టుకున్నాను. ఇప్పుడు కూడా ఆయన తప్పుగా చదివితే ఈ పని మానేసి మామిడి తోటకే పోదామనుకున్నాను.

వేలు కిందికి జారింది. ఆగింది. పెదవులు కదిలాయి. తర్వాత మెల్లగా ఒక్కో వరుసా పైకి ఎక్కింది, పైన మళ్ళీ ఆగింది.

"ఏమైందట?" అని గుమ్మం దగ్గర్నుంచి అడిగింది ఎర్రమ్మ.

"కాలే" అన్నాడు పగిడయ్య. "తాత సాక్ష్యం ఒప్పుకున్నరంట. కాయితం కలెక్టరాఫీసుకు పోయిందంట. మనం చేసేదేం లేదు, ఇంక రెండు సంతలాగి చూడమంటున్నది."

"అవ్, మంచిగనే ఉంది. పోదాం పా, ఉప్పు కొనాలె" అందావిడ.

ఆయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నన్నుగానీ లాలక్కనుగానీ ఒక్క ముక్క అడగలేదు. ఇద్దరూ సంచీ తీసుకుని సంతలోకి వెళ్ళిపోయారు. పట్టా రాలేదన్న మాట విని ఆ రోజు ములకలపల్లిలో అంత సంతోషపడ్డదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.